కళ్ళు మూస్తే గెలిచేవాడు

బస్ స్టాప్ బెంచీ మీద నుంచి

అక్కా,

లేదు, ఆయన కొట్టడు. నువ్వు అడగలేదనుకో. చైనా మాస్టర్ దగ్గరికి పంపారంటే నీకు ముందొచ్చే డౌటు అదే కదా, అందుకే చెప్పేస్తున్నా. ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. కొట్టుంటేనే బాగుండేది.

కిక్‌బాక్సింగ్ కోచ్ అన్నే పంపాడు. ఈమధ్య ప్రాక్టీసు ఫైట్లలో ఎవడు తన్నినా నా ఎడమ కాలికే తగులుతోంది. "దమ్ముంది, బలం ఉంది, బ్యాలెన్సే లేదురా నీకు. కరెంటు స్తంభం నయం, తన్నితే కనీసం షాక్ కొడుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వా. "పాత టైర్ల గోడౌన్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు, పోయి ముందు నిలబడ్డం నేర్చుకో" అన్నాడు.

గోడల మీద ఇంకా టైర్ల మచ్చలున్నాయి. రబ్బరు వాసన. ఆయన పేరు నాకు నోరు తిరగలేదు, అందరూ చైనా తాత అంటారు. పొట్టిగా ఉంటాడు, గుడ్డ చెప్పులు, చెవులు మాత్రం ఇంతింత. మన మాట ముక్కలు ముక్కలుగా వచ్చు.

"కొట్టడం వచ్చా?" అన్నాడు. వచ్చన్నా.

"నిలబడ్డం?" అన్నాడు.

పెద్ద డ్రమ్ముని కావలించుకున్నట్టు చేతులు పెట్టించి, మోకాళ్ళు కొంచెం వంచమని, అలా వదిలేసి టీ తాగడానికి పోయాడు. నా కాళ్ళు ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టినట్టు కొట్టుకున్నాయి. ఇది ఫైటింగా అక్కా? వచ్చే నెల కత్తెరతో నా ఫైటు. వాడికా పేరు ఊరికే రాలేదు, ఎదుటోడి కాళ్ళు కింద నుంచి కత్తిరించేస్తాడు. నేనేమో ఇక్కడ లేని డ్రమ్ముని పట్టుకుని నిలబడ్డా.

ఫోన్ చెయ్యకు. ఫోన్‌లో నాకు మాట రాదు, తెలుసుగా.

---

హాస్టల్ మేడ మీద, బట్టలారేసే తీగల మధ్య నుంచి

ఒరేయ్ బుడ్డోడా,

తాత ఏంట్రా తాత, మాస్టర్‌గారు అను. విద్య చెప్పేవాడి దగ్గర నోరు అదుపులో పెట్టుకో. అయినా నీకు నోరెక్కడుందిలే.

సూపర్‌వైజర్‌ని లీవు అడిగేశా. ఇచ్చాడు కూడా, మహానుభావుడు. ఈసారి నీ ఫైటుకి రింగు పక్కన కూర్చుంటా. మా ఫ్యాక్టరీ కుట్టు హాల్లో అందరికీ చెప్పా. కాలర్లు కుట్టే మా లైనుకీ, బొత్తాలేసే వాళ్ళకీ, ఆఖరికి సూపర్‌వైజర్‌కీ. "మీ తమ్ముడు అంత మొనగాడైతే నీకిన్ని కాలర్లు వంకర ఎందుకు పోతున్నాయమ్మా" అన్నాడు. రెండింటికీ సంబంధం ఏంటో ఆయనకే తెలియాలి.

పోయిన ఫైటు వీడియో మా పక్క మెషిన్ పిన్నికి కూడా చూపించా. చివరి రౌండ్‌లో ఇరగదీశావురా! పిన్ని నోరెళ్ళబెట్టింది.

మాస్టర్‌గారు నిలబడమంటే నిలబడు. చిన్నప్పుడు నువ్వు ఆరు నెలలు లేటుగా నిలబడ్డావని అమ్మ అంటుంది. ఆ బాకీ ఇప్పుడు తీరుతోంది.

---

గోడౌన్ మెట్ల మీద నుంచి

అక్కా,

పోయిన ఫైటులో చివరి రౌండు లేదు. రెండో రౌండ్‌లోనే ఎడమ కంటి మీద గుద్దు పడి పడిపోయా కదా. నువ్వు ఏ వీడియో చూశావు?

సర్లే.

ఇప్పుడు నిలబడ్డం అయ్యింది, చేతులు మొదలెట్టాం. చెప్తే నవ్వుతావు. తాత, అదే మాస్టర్‌గారు, తన మణికట్టు తెచ్చి నా మణికట్టుకి ఆనిస్తాడు. అంతే. ఇంక ఊడకూడదు. ఆయన తోస్తే నేను వెనక్కి జరగాలి, ఆయన జరిగితే నేను వెంట పోవాలి, గుండ్రంగా, పిండి రుబ్బినట్టు. గట్టిగా తోశానా, ఆయన అక్కడుండడు, నేను గోడ దగ్గరుంటా. గట్టిగా ఆపానా, దూది మూట మీద లారీ ఎక్కినట్టు నా చెయ్యి అలా కిందికి పోతుంది. ఆయనకి చెమట కూడా పట్టదు. "చేతులు గుద్దడానికి మాత్రమే అనుకున్నావు. చేతులు వింటాయి" అంటాడు.

నిన్న ఒకటి జరిగింది. కళ్ళు మూసుకుని చెయ్యమన్నాడు. కళ్ళు మూసుకున్నా. ఏమయ్యిందో తెలీదు, తాత ఎటు తోస్తున్నాడో నాకు ముందే తెలిసిపోయింది. ఒకసారి ఆయన్నే రెండడుగులు వెనక్కి పంపా! తాత "హా!" అని నవ్వాడు. పళ్ళు భలే ఉన్నాయి ఆయనకి.

ఎడమ కంటి ముందు చిన్న చిన్న నల్ల దోమలు తిరుగుతున్నట్టుంది అక్కా. చేత్తో తోలితే పోవు. గోడౌన్ దుమ్ము పడుంటుందిలే.

---

మెషిన్ పక్కన, టీ బెల్లు మోగాక

ఒరేయ్,

దుమ్ము పడితే నలపకు, చన్నీళ్ళు కొట్టు. నీకు చిన్నప్పటి నుంచీ ఏది పడినా నలిపి పెద్దది చెయ్యడం అలవాటు.

వీడియో సంగతి వదిలెయ్, ఎవరిదో చూసుంటాలే. రింగులో మీరంతా ఒక్కలాగే ఉంటారు, చెడ్డీలు తప్ప తేడా ఏముంది.

కళ్ళు మూసుకుని గెలిచావా? కళ్ళు మూసుకుని నువ్వు చేసే పని నాకు తెలిసింది ఒక్కటే, నిద్ర. మంచిదే. కానీ కత్తెర దగ్గర తెరుచుకునే ఉండు నాయనా.

రోజూ రాస్తూ ఉండు. రాయకపోతే నాకు కుట్టు సరిగ్గా రాదు.

---

మన వంటింట్లో, స్టూలు మీద నుంచి

అక్కా,

మూడు మెసేజ్‌లు పెట్టావు, చూశా. పని ఉండి రాయలా.

జిమ్‌లో నన్ను మెచ్చుకున్నారు. నిజంగా. నేను కుడి కాలు ముందుకేసి తిరగేసి నిలబడ్డం మొదలెట్టా. అలాగైతే ఎడమ కాలు వెనక ఉంటుంది, తన్నులు పడవు. కోచ్ అన్న చూసి చప్పట్లు కొట్టాడు. "చూశార్రా, చైనా తాత ఏం నేర్పాడో! పుట్టుకతో ఎడమచేతి వాటం వాడిలా నిలబడ్డాడు" అన్నాడు. సాయంత్రానికి ఇంకో ఇద్దరు నన్ను చూసి అలాగే నిలబడ్డారు. ఒకడు తన కాలే తనకి అడ్డమొచ్చి పడ్డాడు. నాకు నవ్వొచ్చి మళ్ళీ ఏడుపొచ్చింది.

తాత ఇది నేర్పలేదు అక్కా.

గోడౌన్‌కి పోవట్లేదు. ఎందుకంటే ఆరోజు చేతులు ఆనించి చేస్తున్నాం. కళ్ళు మూసుకో అన్నాడు, మూసుకున్నా, బాగా చేశా. తెరువు అన్నాడు, తెరిచా. ఎడమ పక్క తోశాడు, పడ్డా. మళ్ళీ మూసుకో. పడలా. మళ్ళీ తెరువు. పడ్డా. అలా చాలాసేపు. తర్వాత చెయ్యి తియ్యకుండానే నా మొహంలోకి చూశాడు.

"కళ్ళు మూస్తే గెలుస్తున్నావు. తెరిస్తే ఓడిపోతున్నావు. అందరికీ తిరగబడి ఉంటుంది. నీకెందుకు ఇలా?"

నేను చెయ్యి లాక్కుని వచ్చేశా. చెప్పులు కూడా అక్కడే వదిలేశా.

ఏం లేదు. నువ్వు ఏం అడగకు. లీవు క్యాన్సిల్ చేసుకో కావాలంటే.

---

హాస్టల్ గది, మంచం మీద నుంచి

ఏరా,

లీవు క్యాన్సిల్ చేసుకో అంటే అర్థం ఏంట్రా? ఉత్త కాళ్ళతో ఇంటికి పరిగెత్తావు, ఏం లేదంటావు. నా చెవిలో పూలు కనిపిస్తున్నాయా?

సరే, ముందు నేను చెప్తా. తర్వాత నువ్వు చెప్పు.

నేను నీ ఫైటు ఒక్కటి కూడా చూడలేదురా. ఒక్కటి కూడా. వీడియో వస్తే ఫోన్ బోర్లా పెట్టేస్తా. పక్క మెషిన్ పిన్నికిచ్చి నేను బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుకుని నిలబడతా, ఆ చప్పుడు వినపడకూడదని. ఆవిడ తలుపు కొట్టి "లేచాడమ్మా, నడుస్తున్నాడు" అంటేనే బయటికొస్తా. పోయినసారి ఆవిడ చాలాసేపు తలుపు కొట్టలా. ఆ కుళాయి కింద నేను ఎన్ని మొక్కులు మొక్కుకున్నానో నాకే గుర్తులేదు. తర్వాత ఆవిడ "చివర్లో ఇరగదీశాడు" అని అబద్ధం చెప్పింది. నేను అదే నీకు రాశా.

నిన్ను జిమ్‌లో చేర్చింది నేను. వీధిలో పిల్లలు నీ బ్యాగు లాక్కుంటుంటే నోరెత్తవని, భయం పోతుందని చేర్చా. నీది పోయిందో లేదో గానీ నాకు మాత్రం పట్టుకుంది. రింగు పక్కన కూర్చుంటా అన్నానే గానీ, ఆ మాట అన్నప్పటి నుంచీ అన్నం సరిగ్గా దిగట్లా.

నా పిరికితనం మొత్తం నీ ముందు పెట్టా. ఇప్పుడు నీ వంతు. నీ కంటికి ఏమైంది?

---

బాత్రూం లోంచి, గొళ్ళెం పెట్టుకుని

అక్కా,

దోమలు పోయాయి. ఇప్పుడు నలుపు వచ్చింది.

కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో కుళాయిని చూస్తే కుళాయి కనిపిస్తుంది. దాని కింద ఎడమ పక్కనున్న బకెట్ కనిపించదు. కుళాయి నుంచి నీళ్ళు పడుతుంటాయి, సగం దాకా వస్తాయి, తర్వాత ఏమీ ఉండదు. ఎవరో కింద నుంచి నల్ల పరదా పైకి లాగుతున్నట్టు. రోజూ పొద్దున్నే లేచి ఇదే చేస్తున్నా. మొదట బకెట్ పిడి కనిపించేది. తర్వాత పిడి పోయింది. ఈరోజు మగ్గు కూడా పోయింది.

ఆ గుద్దు పడ్డాకే. చీకట్లో అటు చూస్తే మెరుపులొస్తున్నాయి కూడా. అందుకే ఎడమ కాలు తన్నులు తింటోంది. నాకు బ్యాలెన్స్ లేక కాదు. తన్ను తగిలేదాకా ఎదుటోడి కాలు కనపడదు. అందుకే తిరగేసి నిలబడ్డా.

కోచ్ అన్నకి చెప్తే డాక్టర్ దగ్గరికి పంపుతాడు. డాక్టర్ చూస్తే ఇంక రింగెక్కనివ్వరు. నాకు చదువు రాలేదు. నలుగురిలో మాట రాదు. రింగులో మాత్రమే మాట్లాడక్కర్లేదు అక్కా. అక్కడ ఒక్కచోటే జనం నా వైపు చూస్తే నాకు దాక్కోవాలనిపించదు.

ఫైటు అయిపోయాక చూపిద్దామనుకున్నా. కానీ ఫైటులో ఇంకో గుద్దు పడితే కుళాయి కూడా పోతుందేమో. రెండు వైపులా భయమే. ఎటు తిరిగినా భయమే. అన్నం ముద్ద చేతిలో ఉండగానే అమ్మ "ఏంట్రా అలా చూస్తున్నావు" అంటుంది. నేను కంచంలో ఎంత మాయమయ్యిందో చూసుకుంటున్నా.

అమ్మకి చెప్పకు.

---

కుట్టు హాల్ బయట, కారిడార్ నుంచి

బంగారం,

చదివాను. కూర్చుని చదివాను, నిలబడి చదివాను.

ఇప్పుడే వెళ్ళు. రేపు కాదు, స్నానం చేసి కాదు, ఇప్పుడు. ఒక్కడివి పోలేవని నాకు తెలుసు, హాస్పిటల్ గేటు దాకా పోయి వెనక్కి వస్తావు. అందుకని మాస్టర్‌గారి దగ్గరికి పో. చెప్పులు తెచ్చుకోవడానికి పో. మాట రాకపోతే నాకు రాసిన ఈ మెసేజ్ చూపించు. ఆయనకి చదవడం రాకపోతే చెయ్యి పట్టుకో, ఆయనకి ముందే తెలుసు.

అమ్మకి నేను చెప్తా. నన్ను తిట్టుకో పర్లేదు.

నేను బయలుదేరుతున్నా. సూపర్‌వైజర్ ఏమన్నాడో వినలేదు.

---

కంటి హాస్పిటల్, వరండా బెంచీ నుంచి

అక్కా,

చుక్కలు వేశారు, అక్షరాలు అలికేసినట్టున్నాయి. పెద్దగా చేసుకుని టైపు చేస్తున్నా. తప్పులుంటే సర్దుకో.

గోడౌన్‌కి పోతే తాత గుమ్మం దగ్గరే ఉన్నాడు. నా చెప్పులు తుడిచి గోడకి ఆనించి పెట్టాడు. నేను ఎడమ కన్ను చూపించా. అంతే. తాళం వేసి నాతో నడిచాడు. దార్లో ఎడమ పక్కనే నడిచాడు.

డాక్టర్ నెత్తి మీద లైటు పెట్టుకుని కంటి లోపల చాలాసేపు వెతికాడు. ఆ వెలుతురుకి మెదడు దాకా మండింది. కంటి లోపల గోడకి ఒక పొర అంటుకుని ఉంటుందట. దెబ్బకి ఒక మూల చిరిగి గోడ కాగితం ఊడినట్టు ఊడుతోందట.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"నిన్నటి నుంచి" అన్నా.

ఎందుకన్నానో తెలీదక్కా. భయం. నోట్లోంచి అదే వచ్చింది.

పక్కన కూర్చున్న తాత తన మణికట్టు తెచ్చి నా మణికట్టుకి ఆనించాడు. తొయ్యలేదు, లాగలేదు. నాకు చెయ్యి మొత్తం వణికింది, ఆ వణుకు ఆయనకి తెలుస్తోందని నాకు తెలిసింది. అప్పుడు మొత్తం చెప్పేశా. గుద్దు, దోమలు, మెరుపులు, బకెట్టు. ఒక తెలియని మనిషి ముందు ఇంత మాట్లాడ్డం నా జన్మలో ఇదే.

డాక్టర్ తిట్టలేదు. ఊడడం చూపు మధ్య భాగం దాకా ఇంకా రాలేదు, ఆపరేషన్ చేసేద్దాం అన్నాడు. ఊడింది అతికిస్తాం, ఎంత వెనక్కొస్తుందో చెప్పలేను అన్నాడు. "తల మీద ఇంకెప్పుడూ దెబ్బ తగలకూడదు" అన్నాడు. ఆ 'ఇంకెప్పుడూ' అనే మాట రెండుసార్లు అన్నాడు.

కోచ్ అన్న వచ్చాడు. వినగానే నన్ను బూతులు తిట్టాడు. నర్సు బయటికి పొమ్మంది. బయట గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. "చప్పట్లు కొట్టాను కదరా నేను. గుడ్డోడివైపోతుంటే చప్పట్లు కొట్టా" అన్నాడు. నేను ఆయన పక్కన కూర్చున్నా. కత్తెరతో వేరేవాడు ఆడతాడట. ఎవడో నేను అడగలా.

---

బస్సు, కిటికీ పక్క సీటు నుంచి

కన్నా,

అమ్మకి చెప్పాను. ఒక్క కేక వేసింది, తర్వాత ఏం తేవాలి అని అడిగింది. వస్తోంది నీ దగ్గరికి.

నా బస్సు ఒక టైరు పోయి ఆగింది. డ్రైవర్ మారుస్తున్నాడు, ఊరంతా చుట్టూ నిలబడి సలహాలిస్తున్నారు. కుట్టు పని చేసేదాన్నని చెప్పి నేను కూడా ఒకటిచ్చా. "అమ్మా, మీరు కుట్టు పని చూసుకోండి" అన్నాడు.

నిన్ను లోపలికి తీసుకెళ్ళే ముందు చూడలేకపోతానేమో. ఏం ఆలోచిస్తున్నావో రాయి. ఫోన్ బోర్లా పెట్టను. ఈసారి మొత్తం చదువుతా.

---

ఆపరేషన్ గది బయట, చక్రాల మంచం మీద నుంచి

అక్కా,

ఆకుపచ్చ గౌను వేశారు, వెనక తాళ్ళు. లోపల ఏమీ లేదు. రింగులోకి కూడా ఇంత తక్కువ బట్టలతో పోలా.

అమ్మ నా కాలి వేళ్ళు పట్టుకుని కూర్చుంది. వదలమంటే వదలట్లా. తాత కిటికీ దగ్గర నిలబడ్డాడు, లోపలికి రానివ్వరట. వస్తాడేమో అనుకున్నా, పిచ్చోణ్ణి.

నిద్ర మందు ఇవ్వరట. కంటి పక్కన సూది వేసి మొద్దుబారేలా చేస్తారట. నేను మెలకువగానే ఉంటా. నర్సు అంది, "ఏమొచ్చినా కదలకూడదు, చేతులు మొహం దగ్గరికి తేకూడదు బాబూ." సరే అన్నా. తర్వాత ఆవిడ చుక్కలు వెయ్యడానికి చెయ్యి దగ్గరికి తెచ్చింది. నా ఎడమ చెయ్యి దానంతట అదే లేచింది. ఆవిడ చేతికి తగిలి సీసా ఎగిరి మంచం కింద పడింది. నేను కొట్టలేదక్కా. అమ్మ మీద ఒట్టు. గార్డ్, అదే దెబ్బ ఆపే చెయ్యి, లేచింది, అంతే. ఎన్నేళ్ళు కోచ్ అన్న వెనకాల నిలబడి "చేతులు పైకి, చేతులు పైకి" అని అరిచాడో. నిద్రలో కూడా లేస్తాయి.

నర్సు నవ్వుతూనే "ఇలాగైతే చేతులు కట్టేయాల్సొస్తుంది" అంది. కట్టేస్తే ఇంకా భయం. కట్టకపోతే ఇంకా ఇంకా భయం. సూది లోపలున్నప్పుడు చెయ్యి లేస్తే? డాక్టర్ కత్తి పట్టుకుని ఉన్నప్పుడు లేస్తే? రింగులో ఎవడొచ్చినా నేను ఇంత వణకలేదు. ఇప్పుడు నా చేతుల్ని చూస్తేనే నాకు భయంగా ఉంది.

మంచం కదుపుతున్నారు. ఫోన్ అమ్మకి ఇచ్చేస్తున్నా.

మొహం మీదకి వచ్చేదాన్ని ఆపడం నాకు అందరూ నేర్పారు. అలాగే రానివ్వడం ఎలాగో నీకేమైనా తెలుసా అక్కా?